రంగు కాదు... మెడ చూడండి!

తక్కువ ధరలో ఎలక్ట్రిక్ గిటార్ కొనేవాళ్లు డబ్బు ఎక్కడ పోగొట్టుకుంటున్నారు? పెట్టె విప్పిన గంటలో ఏమేం పరీక్షించుకోవాలి? పూతలపట్టు కూడలి నుంచి ముఖచిత్ర కథనం.

కర్నూలు నుంచి కడప, రాయచోటి, పీలేరు మీదుగా దిగి వచ్చే 40వ నంబరు జాతీయ రహదారిని తిరుపతి నుంచి వచ్చే 140వ నంబరు రోడ్డు కలిసేది పూతలపట్టు దగ్గర. ఒక పక్క కాణిపాకం, ఇంకో పక్క చిత్తూరు. ఎండాకాలం చివర తోతాపురి కాయల ట్రాక్టర్లు గుజ్జు ఫ్యాక్టరీల దారి పట్టే ఈ రోడ్ల మీదే ఇప్పుడు కొరియర్ బండ్లలో మీటరు పొడవున్న అట్టపెట్టెలు కూడా తిరుగుతున్నాయి. లోపల ఉండేది ఎలక్ట్రిక్ గిటార్.

వీటికి ఆర్డరు పెట్టేది ఎవరు? ఆదివారం ఆరాధనలో కీబోర్డు పక్కన నిలబడి వాయించే కుర్రాడు. కాణిపాకంలో వినాయక చవితి నుంచి 21 రోజులు సాగే బ్రహ్మోత్సవాలప్పుడో, ఊళ్లలో గంగ జాతరలప్పుడో పాటకచ్చేరి కట్టే ట్రూపులో లీడ్ వాయించేవాడు. యూట్యూబ్ చూసి నేర్చుకుంటానని ఇంట్లో ఒప్పించిన ఇంజినీరింగ్ విద్యార్థి. చేతిలో ఉండేది ఐదారు వేల నుంచి ఇరవై వేల దాకా. అందరూ మొదట అడిగేది ఒకటే: “అన్నా, ఏ కంపెనీది తీసుకోమంటావు?”

అడగాల్సింది అది కాదు. ఇండోనేషియాలోని సురబయలో కోర్ట్ సంస్థకు పెద్ద ఫ్యాక్టరీ ఉంది. కోర్ట్ పేరుతో వచ్చేవే కాకుండా స్క్వయర్, ఐబనేజ్ పేర్లతో అమ్ముడయ్యే కొన్ని రకాలు కూడా అక్కడ తయారైనవే. స్క్వయర్ గిటార్ మీద సీరియల్ నంబరు ఐ, సి, ఎస్ అనే మూడు అక్షరాలతో మొదలైతే దాని అర్థం ఇండోనేషియా, కోర్ట్, స్క్వయర్ అని. ఇక కొయ్య కోసేది కంప్యూటరు నడిపే మిషను. అది చవక గిటార్‌నీ ఖరీదైన గిటార్‌నీ ఒకే కొలతకు కోస్తుంది. తేడా మిషను మీది నుంచి దించాక మొదలవుతుంది: మనిషి చేయి దాని మీద ఎంతసేపు తిరిగిందన్నది. మెడ మీది లోహపు మెట్ల (ఫ్రెట్ల) ఎత్తు సమం చేయడం, వాటి అంచులు అరగదీయడం, తీగలు కూర్చునే నట్‌లో గాళ్లు సరైన లోతుకు దించడం, ఇవన్నీ కూలి ఖర్చుతో కూడిన పనులు. ధర తగ్గించాలంటే కంపెనీ ముందు కోత పెట్టేది అక్కడే. పెయింటులో మాత్రం పెట్టదు, ఎందుకంటే ఫొటోలో కనిపించేది అదొక్కటే.

అసలు చవక ఎలక్ట్రిక్ గిటార్ అనేది సాధ్యమైందే ఒక రేడియో మెకానిక్ వల్ల. కాలిఫోర్నియాలో రేడియోలు బాగుచేసుకునే లియో ఫెండర్‌కు గిటార్ వాయించడం రాదు, జీవితాంతం నేర్చుకోనూ లేదు. అందుకేనేమో ఆయన దాన్ని వాద్యంలా కాక విడి భాగాలు బిగించిన వస్తువులా చూశాడు. 1950లో ఆయన మార్కెట్లోకి తెచ్చిన గిటార్‌కు డొల్ల కడుపు లేదు. ఒక పలక, దానికి నాలుగు స్క్రూలతో బిగించిన నెక్, అంటే మెడ, అంతే. పాడైన భాగం విప్పి కొత్తది వేసుకోవచ్చు. 1954లో వచ్చిన స్ట్రాటోకాస్టర్‌దీ అదే పద్ధతి. ఈనాడు మనకు దొరికే చవక గిటార్లలో ఎక్కువ భాగం ఆకారం దానిదే.

కొనేవాడికి పనికొచ్చే సూత్రం ఇందులోనే ఉంది. పికప్‌లు, ట్యూనింగ్ కీలు, జాక్, తీగలు, నాబ్‌లు రేపు మార్చుకోవచ్చు. నెక్, దాని మీది ఫ్రెట్లు, నెక్ బాడీని కలిసే చోటు, ఈ మూడూ చెడితే చవక గిటార్‌కు మరమ్మతు ఖర్చు దాని ధరను మించిపోతుంది. కాబట్టి చూపంతా ఈ మూడింటి మీదే పెట్టాలి. సంతలో ఎద్దును కొనేవాడు ఒంటి రంగు చూసి డబ్బులివ్వడు, నోరు తెరిచి పళ్లు చూస్తాడు.

తీగల లాగుడు 40 కిలోలు

మామూలుగా ఎలక్ట్రిక్ గిటార్‌కు వేసే సన్నరకం తీగల సెట్టు శ్రుతి చేశాక నెక్ మీద పడే లాగుడు దాదాపు 40 కిలోలు. రాత్రీ పగలూ అంతే. దాన్ని తట్టుకోవడానికి నెక్ లోపల ట్రస్ రాడ్ అనే ఉక్కు కడ్డీ ఉంటుంది. నెక్ పూర్తి తిన్నగా ఉండకూడదు, చిన్న వంపు ఉండాలి. తీగ ఊగడానికి ఆ చోటు కావాలి.

వంపు చూడ్డానికి పరికరాలు అక్కర్లేదు. బాగా లావు తీగను ఒక చేత్తో మొదటి ఫ్రెట్ దగ్గరా, ఇంకో చేత్తో చివరి ఫ్రెట్ దగ్గరా నొక్కి పట్టండి. అలా పట్టిన తీగే స్కేలు. ఏడో ఫ్రెట్ చుట్టుపక్కల తీగకూ ఫ్రెట్‌కూ మధ్య విజిటింగ్ కార్డు దూరేంత సందు ఉంటే బాగున్నట్టు. అసలు సందే లేకపోతే నెక్ వెనక్కి వంగింది. రెండు మూడు కార్డులు దూరితే ముందుకు ఒరిగింది. రెండూ సర్దుబాటు చేసుకోదగ్గవే. పెట్టెలో వచ్చే అలెన్ కీతో ట్రస్ రాడ్‌ను పావు చుట్టు తిప్పి, మళ్లీ శ్రుతి చేసి, మళ్లీ చూడాలి. బిగిస్తే సందు తగ్గుతుంది, వదులు చేస్తే పెరుగుతుంది. ఒకేసారి రెండు చుట్లు తిప్పేవాళ్లున్నారు. వాళ్ల గిటార్లు ఎక్కువ కాలం ఉండవు. ఎంత తిప్పినా మార్పు రాకపోయినా, కీ ఊరికే గిర్రున తిరిగినా ఆ గిటార్‌ను వాపసు పంపేయండి.

మెలిక వేరు సంగతి. గిటార్ తలవైపు నుంచి ఒక కన్ను మూసి నెక్ రెండు అంచుల వెంబడి కిందికి చూడండి. రెండు అంచులూ ఒకే తీరున సాగాలి. ఒకవైపు లేచి, ఇంకోవైపు దిగి కనిపిస్తే నెక్ మెలిక పడిందన్నమాట. దానికి ట్రస్ రాడ్ ఏమీ చేయలేదు. రంగు ఎంత నచ్చినా సరే, తిప్పి పంపాల్సిందే.

తరువాత నెక్ బాడీని కలిసే చోటు. సన్న తీగకూ దాని పక్కనున్న ఫ్రెట్‌బోర్డు అంచుకూ ఎంత దూరముందో, లావు తీగ వైపూ అంతే ఉండాలి. ఒక తీగ అంచు మీదికి జారినట్టుంటే వాయించేటప్పుడు అది బోర్డు మీది నుంచి పడిపోతుంది. నాలుగు స్క్రూలు కాస్త వదులు చేసి, నెక్‌ను పక్కకు జరిపి బిగిస్తే కొన్నిసార్లు సరిపోతుంది. ఆ గూటిలో పక్కన ఏటీఎం కార్డు దూరేంత ఖాళీ ఉందంటే మాత్రం కోత సరిగా కుదరలేదన్నమాట.

వీణకు మేళం, గిటార్‌కు ఫ్రెట్లు

తిరుపతిలో టీటీడీ నడిపే ఎస్వీ సంగీత నృత్య కళాశాల వైపు వెళ్లినవాళ్లకు వీణ మేళం కట్టడమంటే ఏమిటో తెలిసే ఉంటుంది. వీణకు 24 మెట్లు. అవి కొయ్యలో దిగవు, నల్లటి మైనం మీద కూర్చుంటాయి. పనివాడు చెవి పెట్టి ఒక్కొక్క మెట్టునూ జరుపుతూ స్వరం కుదిరాక వదులుతాడు. ఎండలకు మైనం మెత్తబడితే మళ్లీ కట్టించుకోవాలి. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే పనస కొయ్యలో వీణను చెక్కే పనివాళ్లు కూడా ఈ దశను చేత్తో, చెవితోనే చేస్తారు.

గిటార్‌లో ఆ వీలు లేదు. ఫ్రెట్లు కొయ్యలో కోసిన గాళ్లలో దిగగొట్టి ఉంటాయి. వాటి స్థానానికి లెక్క ఉంది: తీగ పొడవును 17.817తో భాగిస్తే మొదటి ఫ్రెట్ చోటు, మిగిలిన పొడవును మళ్లీ అదే అంకెతో భాగిస్తే రెండోది. అలా పోతే 12వ ఫ్రెట్ సరిగ్గా సగం దగ్గర పడుతుంది. మిషను ఈ గాళ్లు కోయడంలో తప్పు చేయదు. అందుకే చవక గిటార్‌లో కూడా ఫ్రెట్ ఉండాల్సిన చోటే ఉంటుంది. తేడా వచ్చేది ఎత్తులో. ఒకటి సరిగా దిగక వెంట్రుకవాసి పైకి నిలబడిందనుకోండి, దానికి ముందున్న ఫ్రెట్ మీద నొక్కిన స్వరం ఆ లేచిన ఫ్రెట్‌కు తగిలి జర్రుమంటుంది.

దీన్ని పట్టుకోవడానికి దగ్గరి దారి లేదు. ఆరు తీగలు, 22 ఫ్రెట్లు, మొత్తం 132 చోట్లు. ఒక్కో చోట నొక్కి, మీటి, స్వరం ఆరిపోయేదాకా వినండి. ఆంప్ వేయకుండా వినడం మేలు. తర్వాత 12వ ఫ్రెట్ నుంచి పైకి సన్న తీగను ఒక స్వరం మేర పక్కకు లాగి చూడండి. లాగుతుండగా మధ్యలో శబ్దం చచ్చిపోతే ఫ్రెట్లు సమంగా లేవు. అనుమానం వచ్చిన చోట పాత ఏటీఎం కార్డు అంచును మూడు ఫ్రెట్ల మీద నిలబెట్టి అటూ ఇటూ ఊపండి. ఊగితే నడిమిది ఎత్తు. మొదటి నాలుగైదు ఫ్రెట్లకు కార్డు పొడుగు అంచు, ఆ పైన పొట్టి అంచు పనికొస్తాయి. ఇంకా పైకి ఆ కార్డునే కత్తిరించుకుని వాడాలి. ఒక్క ఫ్రెట్ లేచి ఉంటే పనివాడు సరిచేస్తాడు. ఐదారు లేచి ఉంటే ఆ గిటార్ మీకొద్దు.

అంచుల సంగతి మన సీమలో ప్రత్యేకంగా చూడాలి. ఇండోనేషియా తేమలో తయారైన నెక్ మే నెలలో 40 డిగ్రీలు దాటే ఎండకు వచ్చి పడితే కొయ్య ఆరి కుంచించుకుపోతుంది. లోహపు ఫ్రెట్ కుంచించుకోదు. దాంతో ఫ్రెట్ కొసలు బోర్డు అంచు దాటి బయటికి పొడుచుకొస్తాయి. అరచేతిని నెక్ అంచు వెంబడి పై నుంచి కిందికి జరిపితే గీరుకుంటుంది. దీనికి భయపడనక్కర్లేదు, సన్నటి ఆకురాయితో పనివాడు అరగదీస్తే పోయే లోపమిది. అక్టోబరు, నవంబరు ముసుర్లకు కొయ్య తేమ పీల్చి నెక్ వంపు మళ్లీ మారుతుంది. ఏడాదికి రెండుసార్లు విజిటింగ్ కార్డు పరీక్ష చేసుకోక తప్పదు.

ఈ పనితనం ఎందుకంత ముఖ్యమో మన సంగీతం వినేవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. పాలకొల్లులో 1969లో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ నాలుగు జంటలుగా ఉండే ఎనిమిది తీగలను పక్కనబెట్టి, ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ మీద కర్ణాటక సంగీతాన్ని పలికించాడు. 40వ నంబరు రహదారి తమిళనాట ఆగేది రాణీపేటలో. ఆ ఊళ్లో పెరిగి, ఐఐటీ మద్రాసులో నావల్ ఆర్కిటెక్చర్ చదివి, ఆపైన బర్క్‌లీ కాలేజీలో సంగీతం చదివిన ప్రసన్న అదే పని ఎలక్ట్రిక్ గిటార్ మీద చేశాడు. గమకం కోసం తీగను పక్కకు లాగాలి, ఒక ఫ్రెట్ నుంచి ఇంకో ఫ్రెట్‌కు జారాలి. ఫ్రెట్ పైభాగం గరగరలాడితే తీగ జారదు. పాటకచ్చేరిలో ఇళయరాజా పాటల బిట్లు వాయించే కుర్రాడికీ కావాల్సింది ఇదే నునుపు.

చాలామంది మానేసేది నట్ దగ్గరే

నట్ అంటే తలకూ ఫ్రెట్‌బోర్డుకూ మధ్య తీగలు కూర్చునే చిన్న ప్లాస్టిక్ ముక్క. చవక గిటార్లలో ఎక్కువగా నిర్లక్ష్యానికి గురయ్యేది ఇదే. గాళ్లు లోతుగా కోస్తే తీగ జర్రుమంటుంది, కస్టమరు తిడతాడు. కాబట్టి ఫ్యాక్టరీ గాళ్లను పైపైనే కోసి పంపేస్తుంది. ఫలితంగా మొదటి ఫ్రెట్ దగ్గర తీగ ఎత్తుగా ఉంటుంది. గట్టిగా నొక్కాలి, వేళ్లు కోసుకుపోతాయి. పైగా అంత ఎత్తు నుంచి నొక్కినప్పుడు తీగ సాగి స్వరం పెరుగుతుంది. ట్యూనర్‌లో ఖాళీ తీగ సరిగ్గా చూపించి, మొదటి ఫ్రెట్ నొక్కగానే సూది కుడివైపు దాటిపోతే నేరం నట్‌ది. నేర్చుకునేవాడు మాత్రం తన వేళ్లదే తప్పనుకుంటాడు. నాలుగు వారాలు చూసి గిటార్‌ను బీరువా మీద పెడతాడు. నన్నడిగితే నేర్చుకోవడం మానేసినవాళ్లలో సగం మందిని ఆపింది సంగీతం కాదు, ఈ ప్లాస్టిక్ ముక్కే.

మూడో ఫ్రెట్ దగ్గర నొక్కి మొదటి ఫ్రెట్ పైన చూడండి. వెంట్రుక దూరేంత సందు చాలు. అంతకంటే బాగా ఎక్కువుంటే సెటప్ చేసే, అంటే గిటార్‌ను సర్ది ఇచ్చే పనివాడు గాళ్లు దించుతాడు. 12వ ఫ్రెట్ దగ్గర తీగ ఎత్తు ఒకటిన్నర నుంచి రెండు మిల్లీమీటర్ల మధ్య ఉంటే చేతికి హాయిగా ఉంటుంది. అక్కడే తీగను నొక్కకుండా తాకి మీటితే వచ్చే స్వరమూ, నొక్కి మీటితే వచ్చే స్వరమూ ట్యూనర్‌లో ఒకటే చూపాలి. చూపకపోతే బ్రిడ్జి మీద తీగ ఆనే శాడిల్‌ను స్క్రూడ్రైవర్‌తో ముందుకో వెనక్కో జరపాలి. జరపడానికి చోటే మిగలకపోతే అది తయారీ లోపం.

మిగతావి త్వరగా చూసేయొచ్చు. ట్యూనింగ్ కీ తిప్పితే వెంటనే స్వరం కదలాలి, ఊరికే ఆడకూడదు. ఆంప్‌కు పెట్టి నాబ్‌లు తిప్పితే గరగర రాకూడదు, కేబుల్ కదిపితే శబ్దం ఆగిపోకూడదు. పికప్ అంటే అయస్కాంతం చుట్టూ తలవెంట్రుక కంటే సన్నని రాగి తీగను వేల చుట్లు చుట్టిన చుట్ట, అంతకు మించి అందులో మాయ లేదు. చవకవాటిలో సిరామిక్ అయస్కాంతాలుంటాయి, వాటితో నేర్చుకోవడానికేమీ అడ్డు లేదు. తీగను వణికించే కడ్డీ ఉన్న బ్రిడ్జి చూడ్డానికి బాగుంటుంది గానీ చవక రకంలో అది ఊపిన ప్రతిసారీ శ్రుతి తప్పిస్తుంది. కదలని బ్రిడ్జి ఉన్నదే మేలు.

కొయ్య గురించి ఒక పక్కదారి

దుకాణదారు గంటసేపు చెప్పేది కొయ్య గురించే. బాస్‌వుడ్, పోప్లార్, మహాగనీ అంటూ పోతాడు. డొల్ల లేని పలక మీద కొయ్య రకం తెచ్చే తేడా పికప్, తీగలు, ఆంప్ తెచ్చే తేడా ముందు చాలా చిన్నది. మందపాటి పెయింటు కింద ప్లైవుడ్ ఉందేమో చూడాలంటే వెనక ప్లాస్టిక్ మూత విప్పి గూడు అంచులు గమనించండి, పొరలు కనిపిస్తాయి. ప్లైవుడ్ అయినంత మాత్రాన పారేయాల్సిన పనీ లేదు, ఘనమైన కొయ్య ధర పెట్టి కొనకపోతే చాలు.

ఫ్రెట్‌బోర్డు కొయ్యల్లో మనకు సంబంధించిన సంగతి ఒకటుంది. 2017 జనవరిలో రోజ్‌వుడ్ జాతులన్నీ అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ కిందికి వచ్చాయి. చవక గిటార్ల కంపెనీలు ఇండియన్ లారెల్, పావ్ ఫెర్రో వంటి కొయ్యలకు మళ్లాయి. తయారైపోయిన వాద్యాలకు 2019లో మినహాయింపు దొరికినా ఆ కొయ్యలు చవక రకాల్లో నిలిచిపోయాయి. లారెల్ ఉందని చెప్పి ధర తగ్గించమని బేరమాడొచ్చు గానీ నాణ్యతకు లోటేమీ లేదు. మన శేషాచలం ఎర్రచందనం సంగతి ఇంకా చిత్రం. జపానువాళ్ల షామిసెన్ అనే మూడు తీగల వాద్యానికి మెడ ఆ కొయ్యతోనే చేస్తే గొప్పగా చూస్తారు.

ఎక్కడ కొనాలి, ఎంత పెట్టాలి

పూతలపట్టు నుంచి చిత్తూరు, తిరుపతి, వేలూరు అన్నీ బస్సు దూరంలోనే ఉన్నాయి. చేత్తో పట్టుకుని చూసి కొనే వీలుంటే అదే మంచిది. ఒకే మోడల్‌లో రెండు మూడు గిటార్లు ముందు పెట్టమనండి. చవక సరుకులో ఒకే పేరు, ఒకే ధర ఉన్న రెండు గిటార్ల మధ్యే పెద్ద తేడా ఉంటుంది. చెన్నైలో మౌంట్ రోడ్డు మీద 1842లో మొదలైన మ్యూజీ మ్యూజికల్ వంటి పాత దుకాణాలున్నాయి. శ్రీపెరుంబుదూరు దగ్గర యమహా ఫ్యాక్టరీ కీబోర్డులు, మామూలు గిటార్లు తయారుచేస్తోంది. ఎలక్ట్రిక్‌వి మాత్రం ఎక్కువగా బయటి నుంచే వస్తాయి.

ఆన్‌లైన్‌లో కొంటే పెట్టె విప్పేటప్పుడే వీడియో తీయండి. వాపసు గడువు ఎన్ని రోజులో ఆర్డరుకు ముందే చదువుకుని, పైన చెప్పిన పరీక్షలన్నీ ఆ గడువు లోపలే చేసేయండి. బడాయి పేర్లు నమ్మలేని ధరకు కనిపిస్తే అవి నకిలీలే. అసలు గిబ్సన్ కంపెనీ గిటార్‌లో ట్రస్ రాడ్ మూతకు రెండు స్క్రూలుంటాయి, నకిలీవాళ్లు తరచూ మూడు బిగిస్తారు.

చేతిలో పదిహేను వేలుంటే పదిహేను వేల గిటార్ కొనకండి. పదీ పదకొండు వేలలో కదలని బ్రిడ్జి ఉన్న సాదా గిటార్ తీసుకుని, మిగిలినదాంట్లో చిన్న ఆంప్, మంచి కేబుల్, కొత్త తీగల సెట్టు సర్దుకుని, కొంత సెటప్‌కు పక్కన పెట్టండి. ఐదారు వేలకు ఆంప్, బ్యాగు, బెల్టు అన్నీ కలిపి ఇచ్చే కిట్లలో ఆంప్ బొమ్మ లాంటిది, నెక్ లాటరీ. ఆ డబ్బుకు వాడిన యమహా పసిఫికానో, ఐబనేజ్ జియోనో దొరికితే నేను అటే మొగ్గుతాను. అప్పుడు ఫ్రెట్ల మీద తీగలు కోసిన గుంటలు ఎంత లోతున్నాయో, ట్రస్ రాడ్‌కు ఇంకా తిరగడానికి చోటుందో చూసుకోవాలి.

జాతర స్టేజీ ఎక్కేముందు

గిటార్ తీగలు బ్రిడ్జి ద్వారా, కేబుల్ ద్వారా, ఆంప్ మూడో పిన్ను ద్వారా భూమికి కలుస్తాయి. తీగల మీద చేయి వేయగానే గుంయ్‌మనే శబ్దం తగ్గితే గిటార్ లోపలి ఎర్త్ వైరు బాగున్నట్టు. తగ్గకపోతే బ్రిడ్జి కింద ఆ వైరు ఊడి ఉంటుంది, టంకం వేయిస్తే సరి. ఆంప్ ప్లగ్గులో మూడో పిన్ను విరగ్గొడితే శబ్దం తగ్గుతుందని చెప్పే మహానుభావులు ప్రతి ట్రూపులో ఒకరుంటారు. వాళ్ల మాట వినకండి. 1972 మే 3న బ్రిటన్‌లోని స్వాన్సీలో స్టోన్ ద క్రోస్ బృందం గిటారిస్టు లెస్ హార్వే ఎర్త్ లేని మైకును తాకి స్టేజీ మీదే ప్రాణాలు పోగొట్టుకున్నాడు. ఒక చేయి తీగల మీద ఉండి పెదవులు మైకుకు తగిలితే కరెంటుకు దారి మన ఒంట్లోంచే.

జాతర స్టేజీలకు కరెంటు ఒకసారి స్తంభం నుంచి, ఒకసారి జనరేటర్ నుంచి వస్తుంది. మైకు సెట్టువాళ్లదొక లైను, ఆంప్‌దొక లైను. రెంటినీ ఒకే బోర్డు నుంచి తీసుకోమని అడగండి. ఆ బోర్డుకు లీకేజీ పట్టే బ్రేకర్ ఉందో లేదో చూడండి. తీగలు పట్టుకుని మైకు దగ్గరికి మూతి పెట్టకముందే మైకు జాలీకి టెస్టర్ పెట్టండి, వెలిగితే పాట ఆపేయండి. జనరేటర్ బండి రాగానే డ్రైవరును మొదట అడగాల్సింది ఎర్త్ రాడ్ ఎక్కడ పాతాడని.